పోచవరం రేవులో మంచు పట్టిన పొద్దు

మా బడి టీచర్లందరం ఇంటివాళ్లతో కలిసి లాంచీలో పాపికొండలు చూసి రావాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం. చివరికి ముప్పై ఎనిమిది మంది తేలారు. అందులో చంటిపిల్లలున్నారు, మోకాళ్ల నొప్పులవాళ్లున్నారు. అందుకని ముందుగా ఒకరు పోయి రేవు చూసి, లాంచీ మాట్లాడి రావాలన్నారు. ఆ పని నా మీద పడింది. ఒక్కదాన్నే ఎందుకని మా ఆయన వెంకటేశ్వర్లు కూడా బయల్దేరారు. మా ఇద్దరికీ ఈత రాదు.

జనవరి నెల, శనివారం. పొద్దున ఆరుంబావుకు ఖమ్మంలో భద్రాచలం బస్సెక్కాం. కొత్తగూడెంలో ఇడ్లీ తినేంతసేపు ఆగింది. పదిన్నరకు గోదావరి వంతెన దాటాం. గుడి దగ్గర సత్రంలో గది దొరికింది. అక్కడ వేడినీళ్లు కావాలంటే ముందు రోజు సాయంత్రమే చెప్పి పెట్టుకోవాలి. దర్శనం చేసుకుని, భోంచేసి, ఆ పూటకు విశ్రాంతి తీసుకున్నాం.

ఆదివారం ఐదున్నరకు కూనవరం బస్సు. నెల్లిపాక దాటేసరికి మంచు కమ్మేసింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి నడుపుతున్నాడు. నా పక్కన కొండచీపుళ్ల కట్టలతో ఒకామె కూర్చుంది. ఎక్కడికని అడిగితే పోచవరం రేవుకన్నాను.

“గీ మంచులనా? పది దాటినంక పోరాదమ్మా,” అన్నది.

లాంచీ వెళ్లిపోతుందేమో అన్నాను. ఆమె చీపుళ్ల కట్టలు సర్దుకుని అటు తిరిగింది.

ఏడుంబావుకు కూనవరంలో దిగి జీపెక్కాం. శబరి వంతెన మీద పోతున్నప్పుడు కింద నీళ్లు కనిపించలేదు, చప్పుడు మాత్రం వినిపించింది. ఎనిమిదిన్నరకు జీపతను మమ్మల్ని రేవులో దించి, ఇంకో బేరం ఉందని వెనక్కి తిప్పుకుని పోయాడు.

రేవంటే ఇసుక తిన్నె, ఒక తాటాకుల చాయ్ కొట్టు, రెండు నాటుపడవలు. అంతే. పది అడుగుల అవతల అంతా తెలుపు. చాయ్ కొట్టు నడిపే లచ్చమ్మకు అరవై ఏళ్లుంటాయి. ఒడ్డున నీళ్లు తక్కువైనందున లాంచీని కొంచెం లోపల లంగరేశారని, లాంచీ నడిపే సరంగు అందులోనే ఉంటాడని ఆమె చెప్పింది.

మా ఆయనకు నిదానం తక్కువ. పడవ నడిపే ముత్తయ్యను పట్టుకున్నారు.

“లాంచీ దాకా తీసుకపోతవా? లైఫ్ జాకెట్లు ఎన్నున్నయో, ఆడవాళ్లకు బాత్రూమ్ ఉందో లేదో చూసి వస్త.”

“జర ఆగుదాం సార్, మంచు ఇడువనీ.”

“ఇక్కడే గదా, ఎంతసేపు?”

ముత్తయ్య మొహమాటపడి తెడ్డు తీశాడు. అప్పుడు ఎనిమిదీ నలభై. నాలుగు తెడ్లు వేసేసరికి పడవ మాయమైంది. కాసేపు మా ఆయన దగ్గు వినిపించింది. తరువాత అదీ లేదు.

తొమ్మిదింబావు వరకు ఊరుకున్నాను. తరువాత నీళ్ల అంచుకు పోయి “ఏమండీ” అని కేకేశాను. జవాబు లేదు. పెళ్లయి పంతొమ్మిదేళ్లయింది, ఎన్నడూ పేరు పెట్టి పిలిచిన మనిషిని కాను. ఆ పొద్దు “వెంకటేశ్వర్లూ” అని గొంతు చించుకుని అరిచాను. అదే పిలుపు అవతలి నుంచి తిరిగి వచ్చింది.

లచ్చమ్మ పరుగున వచ్చి నా భుజం పట్టుకుంది. “పిలవకు బిడ్డా. అవతలి గుట్టకు తగిలి మాట అటు మళ్లుతది. వాళ్లు అటే పోతరు. అటు సుడి ఉంది.”

కొట్టులోంచి ఇత్తడి తపేలా, ఇనుప గరిటె తెచ్చి నా చేతికిచ్చింది. ఒక్కచోటే నిలబడి కొట్టమంది. మూడు దెబ్బలు, కొంచెం ఆగడం, మళ్లీ మూడు దెబ్బలు. అలాగే కొట్టసాగాను.

కాసేపటికి చెయ్యి నొప్పెట్టి గరిటె దించాను. అవతలి నుంచి మూడు దెబ్బలు వినిపించాయి.

నా చప్పుడే తిరిగొచ్చిందనుకున్నాను. కానీ నేను కొట్టడం ఆపి అప్పటికే కొంతసేపయింది. మళ్లీ మూడు. ఇంచుమించు ఇలాగే, ఇత్తడి మీద ఇనుము మోగినట్టే.

“అటు ఊరుందా, లచ్చమ్మా?”

“లేదు.”

“మరి ఎవరు కొడుతున్నరు?”

“మాకు తెల్వది. మంచు పడ్డప్పుడు ఒక్కోసారి గట్ల వినబడ్తది.” ఆమె నా మొహంలోకి చూడలేదు. “ఆపకు బిడ్డా. అది ఆపేదాకా నువ్వు ఆపకు.”

ఇక ఆపలేదు. అరచెయ్యి బొబ్బలెక్కింది. అటు మూడు, ఇటు మూడు. ఒక దశలో ఏది నాదో, ఏది అవతలిదో తెలియకుండా పోయింది. పదీ అయిదుకు మంచులోంచి పడవ ముక్కు బయటికొచ్చింది. ఆ క్షణమే అవతలి చప్పుడు ఆగిపోయింది.

మా ఆయన దిగి ఇసుకలో కూలబడ్డారు. పెదాలు నీలం తిరిగాయి. లచ్చమ్మ వేడి చాయ్ తెచ్చి ఇచ్చింది.

ముత్తయ్య నాతో అన్నాడు: “రెండు దిక్కుల మోగింది అమ్మా. ఒకటి ఒక్క తీరుగ మోగుతాంది. ఇంకోటి ఎగుడు దిగుడుగ, అలిసిపోయినట్టు మోగుతాంది. అలిసేది మనిషే గదా అని ఇటు తిప్పిన.”

పదిన్నరకు మంచు విడిచింది. లాంచీ మా ఎదురుగానే, యాభై గజాల్లో ఉంది. గంటకు పైగా తిరిగినా వాళ్లకది దొరకలేదు. అవతల గుట్ట నిట్టనిలువుగా నీళ్లలోకి దిగింది. మనిషి నిలబడడానికి ఒక్క రాయి కూడా లేదు. ఆ మోత గురించి సరంగును అడిగితే, “రెండు పక్కలా మోగుతుంటే ఏదో పూజనుకున్న,” అన్నాడు.

వచ్చిన పని మాత్రం పూర్తి చేశాం. జాకెట్లు లెక్కపెట్టాను, బాత్రూమ్ చూశాను. ఫిబ్రవరి రెండో ఆదివారం, పొద్దున పదకొండుకు, మంచు పూర్తిగా విడిచాకే కదలాలని సరంగుతో గట్టిగా చెప్పాను. లచ్చమ్మ అక్కడే చేపల పులుసు, అన్నం పెట్టింది. ఒంటిగంటకు జీపు, మూడున్నరకు భద్రాచలం, నాలుగుకు ఖమ్మం బస్సు.

ఆ దారిన పోదామనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. తప్పకుండా పోండి, మధ్యాహ్నపు ఎండలో ఆ నది అందం చెప్పతరం కాదు. కానీ పొద్దున్నే తొందరపడి పడవెక్కకండి. రేవులో ఉండేవాళ్లు ఆగమంటే ఆగండి.

పాల్వంచ దాటాక మా ఆయన నా వైపు తిరిగారు. “నన్ను ఎన్నిసార్లు పిలిచినవ్?”

“పేరు పెట్టి ఒక్కసారే. తరువాత లచ్చమ్మ పిలవనియ్యలేదు.”

“నేను చివరి దాకా విన్న,” అన్నారు. “నీ గొంతే, గుట్ట దిక్కు నుంచి. రమ్మని బతిమాలుతున్నవ్. అటే పోదామని ముత్తయ్యతో కొట్లాడిన. తెడ్డు కూడా గుంజుకోబోయిన.”

నలుగురిలో నా పక్కన కూర్చోవడానికే మొహమాటపడే మనిషి, నా బొబ్బలెక్కిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నారు. ఖమ్మంలో బస్సు ఆగి, అందరూ దిగిపోయి, కండక్టరు రెండోసారి పిలిచేదాకా వదల్లేదు.