తల విదిలిస్తే ఒప్పుకున్నట్టే

మా ఇళ్లలో త్యాగం అనే మాట ఉండేది కాదు. మా అమ్మ కూరంతా మాకు వడ్డించి తను ఉత్త గంజి తాగేది. అడిగితే "ఆకలైతలేదు" అనేది. మా చిన్నమ్మ తమ్ముణ్ణి ఎత్తుకోవడానికి బడి మానేసింది. దాన్ని ఆమె "ఇడిసిపెట్టిన" అనేది, అంతే. ఇచ్చినవాళ్లకు చిన్న మాటలే ఉండేవి. పెద్ద మాట మా ఇంట్లోకి తర్వాత వచ్చింది, అదీ మైకులో.

నాకు తేదీలు, లెక్కలు మరుపు రావు. జాకెట్లు కుట్టి బతికినదాన్ని. ఒకసారి టేపు పెట్టిన భుజం కొలత ఆమె మళ్లీ వచ్చేదాకా నా తలలోనే ఉంటుంది. అయినా ఇక్కడ తేదీలు రాయను. రాస్తే మావాళ్లు సోమవారమా మంగళవారమా అని పోట్లాడుకుని అసలు సంగతిని పక్కన పెడతారు.

నా భర్త గోదావరిఖని దగ్గర ఒక బాయిలో బొగ్గు నింపేవాడు. బొగ్గుగనిని మేం బాయి అనే అంటాం. ఆయన బాయిలో చనిపోలేదు. కామెర్లతో, ఇంట్లో, మంచం మీద చనిపోయాడు. పసరు మందు నమ్మి దవాఖానకు ఆలస్యంగా పోయాడు. బాయి గేటు దగ్గర సంతాప సభ పెట్టారు. కార్మికుల నాయకుడు ఒకాయన మైకు అందుకుని, "దేశానికి వెలుగునిచ్చేందుకు ప్రాణత్యాగం చేసిన మా సోదరుడు" అన్నాడు. నేను పక్కనున్న ఆమెతో "కామెర్లు" అన్నాను.

"ఊకో అక్కా, మంచిగ చెప్తున్నరు గద" అంది ఆమె.

అందరూ కాసేపు తల వంచుకుని నిలబడ్డారు. త్యాగం అన్నాక ఇక ఎవరూ పసరు మందు గురించి అడగలేదు.

తర్వాత జరిగింది అర్థం కావాలంటే మైసమ్మ దగ్గరి పద్ధతి ఒకటి చెప్పాలి. ప్రతి బాయి ముందూ మైసమ్మ గుడి ఉంటుంది. కిందికి దిగేవాడు మొక్కి దిగుతాడు. మొక్కు తీరినవాళ్లు యాటను, అంటే మేకపోతునో పొట్టేలునో, కోస్తారు. కోసే ముందు దాని తల మీద, వీపు మీద పసుపునీళ్లు పోసి ఆగుతారు. అది ఒళ్లు విదిలించిందంటే ఒప్పుకున్నట్టు, తల్లి అందుకున్నట్టు. విదిలించకపోతే కత్తి ఎత్తరు. ఏం తప్పు జరిగిందోనని చెంపలు వేసుకుని మళ్లీ పోస్తారు. తొందర ఉన్నవాళ్లు మాత్రం చెవిలో పోస్తారు.

నా భర్త పెద్ద దినం నాడు, కర్మ చేసిన రోజున, గోదావరిలో నాకు తలస్నానం చేయించి తీసుకొచ్చారు. తుడుచుకోనివ్వకుండానే ఇంటి ముందు చాప మీద కూర్చోబెట్టారు. మా మామ, మరిది, ఆ నాయకుడు, కులపెద్దలు ఎదురుగా ఉన్నారు. నౌకరిలో ఉన్న మనిషి ఎట్లా పోయినా ఇంట్లో ఒకరికి నౌకరి ఇస్తారు. మొదటి హక్కు భార్యది. ఆమె వద్దంటే తమ్ముడికి రావచ్చు. మాకు పిల్లలు లేరు.

"బిడ్డా, పోయినోడు పోయిండు" అన్నాడు మామ. "ఆడిదానివి, బాయి కాడ ఏం చేస్తవు? తమ్ముడు ఎక్కుతడు. నిన్ను సచ్చేదాక సాకుతడు. నీకేం ఫికర్ లేదు."

"ఇంటి కోసం త్యాగం చేస్తున్నవమ్మా" అన్నాడు నాయకుడు. నేను ఇంకా ఏమీ అనలేదు.

బాయి కాడ ఏం చేస్తానో నాకు తెలుసు. మా వాడలో నాకన్నా ముందు భర్త పోయిన ఒకామె దీపాల గదిలో పనిచేసేది. దిగేవాళ్ల టోపీలకు పెట్టుకునే దీపాలు ఆ కిటికీలోంచే ఇస్తారు, షిఫ్టు అయ్యాక అక్కడే తీసుకుంటారు. ఏ నంబరు దీపం పోయింది, ఏది ఇంకా తిరిగి రాలేదు అన్నది ఆ గదిలో ఉన్నవాళ్లకే ముందు తెలుస్తుంది. ఆ పని నా కోసమే పుట్టిందని నేను చాలాసార్లు అనుకున్నాను. అదే అడుగుదామని నోరు తెరిచాను. జుట్టులోంచి నీళ్లు చెవిలోకి కారాయి. తల విదిలించాను.

"ఒప్పుకున్నది" అన్నాడు మామ.

అందరూ లేచారు. భోజనాలకు బంతి వేశారు.

ఆ తర్వాతైనా ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చెప్పాను. తెల్లారి ముఖం కడుక్కోకముందే మామ దగ్గరికి పోయి నౌకరి నేనే చేస్తానన్నాను. ఆయన కోపం చేయలేదు. కోపం చేసినా బాగుండేది. "నలుగుట్ల ఒప్పుకొని ఇప్పుడు మాట మారుస్తె మన ఇజ్జత్ ఏం గావాలె బిడ్డా?" అన్నాడు. నలుగురిలో అయినది నలుగురిలో అయినట్టే. ఇంట్లో అన్న మాటకు మా దగ్గర లెక్క లేదు.

మరిది నౌకరి ఎక్కాడు. పెళ్లయింది, సెంటినరీ కాలనీలో క్వార్టరు వచ్చింది. వెనక వేసిన రేకుల గదిలో నేను, నా కుట్టు మిషను. అతను చెడ్డవాడు కాదు, అది కూడా రాయాలి. తాగి రాలేదు, నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూపించి, "మా వదినె త్యాగం వల్లనే ఇంత బువ్వ తింటున్నం" అనేవాడు. వచ్చినవాళ్లు నా వైపు దేవుడి పటాన్ని చూసినట్టు చూసేవాళ్లు. పటానికి ఆకలి ఉండదు, ఒళ్లు నొప్పులు ఉండవు. వాళ్లు వెళ్లాక తోడికోడలు, "అక్కా, జర గిన్నెలు తోమరాదూ" అనేది. త్యాగం అన్న మాట విన్న రోజు తప్పకుండా నాకు ఒక పని ఎక్కువ పడేది.

వాళ్లకు ఆడపిల్ల పుట్టింది, తర్వాత మగపిల్లాడు. ఆడపిల్లను నేనే పెంచాను. ఆమెకు మాటలు వచ్చాక, కావాల్సింది చేత్తో చూపిస్తే ఇచ్చేదాన్ని కాదు. నోటితో అడిగితేనే ఇచ్చేదాన్ని. పంతం అనుకున్నారు. పిల్లలు పెద్దయ్యాక గది చాలక నేను గోదావరిఖనిలో కిరాయి గదికి మారాను.

ఈమధ్య మరిదికి ఊపిరాడక డాక్టర్లు పనికి తగడని తేల్చారు. అలా తేలితే పిల్లల్లో ఒకరికి నౌకరి వస్తుంది. ఇప్పుడు ఆడపిల్లలకూ ఇస్తున్నారు. పిల్ల డిగ్రీ చదివి ఇంట్లో ఉంది. ఆ నౌకరి తనకు కావాలంది. ఆమె తమ్ముడికి బసంత్‌నగర్‌లో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది, సగం రోజులు మూసే ఉంటుంది. వాడూ కావాలన్నాడు. తోడికోడలు నాకు ఫోన్ చేసింది.

"అక్కా, మైసమ్మకు యాటను కోస్తున్నం. నువ్వు రావాలె. పిల్ల మొండికేసింది. నీ మాటైతె ఇంటది. నువ్వు త్యాగం చేసినదానివి, నువ్వు చెప్తె బరువుంటది."

వెళ్లాను. ఎందుకు పిలిచారో తెలిసే వెళ్లాను.

గుడి ముందు చాపలు వేసుకుని కూర్చున్నారు. చుట్టాలు, కాలనీవాళ్లు, కుర్చీలో మరిది. పిల్ల ఒక పక్కన తల వంచుకుని కూర్చుంది. మెడలో వేపమండతో యాట ఉంది. పిల్లల మేనమామ దాని మీద పసుపునీళ్లు పోశాడు. అది కదలలేదు. మండలోని ఆకును అందుకుని నమలసాగింది.

"నౌకరి అక్కకిస్తె రేపు పెండ్లి చేసుకొని పోతది. నౌకరి గుడ పోతది" అన్నాడు పిల్లవాడు.

"యాడికి పోతరా? పెండ్లయినా డ్యూటీ చేస్త, అమ్మనాయిన్లను చూస్త" అంది పిల్ల, తల ఎత్తకుండానే.

"ఆడపిల్ల త్యాగం చేస్తెనే ఇల్లు నిలవడ్తది" అన్నాడు మేనమామ, మళ్లీ నీళ్లు పోస్తూ. "ఎదురుంగ మీ పెద్దమ్మ లేదా? చూసి నేర్చుకో."

యాట కదలలేదు.

"యాట గుడ యూనియన్ల చేరినట్టున్నది మామా, సమ్మె చేస్తున్నది" అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ నవ్వారు.

"ఎండ ఎక్కుతున్నది. చెవిల పోసెయ్, జల్ది" అంది తోడికోడలు.

"చెవిల పోయకుండ్రి" అన్నాను.

"ఏందక్కా?"

"చెవిల నీళ్లు పోతె ఎవరైన తల ఇదిలిస్తరు. నేను గుడ ఇదిలించిన. ఒప్పుకున్నదన్నరు."

మరిది కుర్చీలో ముందుకు వంగాడు. దగ్గు వచ్చింది. అది తగ్గేదాకా అందరూ ఆగారు.

"గిప్పుడు గదెందుకు వదినె?"

"నువ్వు నా ఎదురుంగనే కూసున్నవు తమ్మీ. నేను ఒక్క మాటన్న అన్ననా ఆ దినం?"

అతను కుర్చీలో వెనక్కి వాలాడు. కాదనలేదు. నేను పిల్ల వైపు తిరిగాను.

"బిడ్డా, నీకు కావాలెనా వద్దా? తల ఊపకు. నోటితోని చెప్పు, అందరికి ఇనవడాలె."

పిల్ల తల ఎత్తింది. "కావాలె" అంది చిన్నగా. ఎవరో "ఏందీ?" అన్నారు. "నౌకరి నాకు కావాలె. నేను ఇడిసిపెట్ట" అంది, ఈసారి గుడి గంట దగ్గర నిలబడ్డవాళ్లకు కూడా వినిపించేలా.

నలుగురిలో అయినది నలుగురిలో అయినట్టే. నన్ను మింగిన ఆ పద్ధతే ఆమెకు పనికొచ్చింది. ఇజ్జత్ గల ఇల్లు కదా, నలుగురూ విన్న ఆమె మాటను కాదనలేకపోయారు.

మేనమామ యాట చెవిలో నీళ్లు పోశాడు. అది విదిలించింది. కోశారు. నాకు వడ్డించలేదని చెప్పను, వడ్డించారు. నా పక్క చాప మాత్రం ఖాళీగా ఉంది. పిల్లను వంట దగ్గరే ఉంచారు.

ఆమెకు నౌకరి వచ్చింది. దీపాల గదిలో కాదు, బాయి పైన ఆఫీసులో. ఆ రోజు నుంచి తోడికోడలు ఫోన్ చేయదు. దసరాకు ప్రతి ఏడూ వచ్చే చీర ఈసారి రాలేదు. వాడ మీద నా పేరు కూడా మారింది. ఇంతకాలం ఇల్లు నిలబెట్టినదాన్ని, ఇప్పుడు ఇల్లు చెడగొట్టినదాన్ని. ఇచ్చింది ఎవరికీ గుర్తుండదు గానీ, ఇవ్వొద్దని చెప్పింది అందరికీ గుర్తుంటుంది.

మరుసటి ఏడు వినాయక చవితికి కాలనీలో మండపం దగ్గర అన్నదానం పెట్టారు. పిల్ల పిలిస్తే వెళ్లాను. మైకులో పిల్లవాణ్ణి ముందుకు పిలిచారు. "అక్క కోసం బంగారం లాంటి నౌకరిని త్యాగం చేసిన తమ్ముడు" అన్నారు. చప్పట్లు కొట్టారు. వాడు మైకు తీసుకుని, "అక్క సుఖమే నా సుఖం. అందుకే నేను త్యాగం చేసిన" అన్నాడు. తన గురించి తాను ఆ మాట చెప్పుకున్న మనిషిని నా జీవితంలో అప్పుడే మొదటిసారి చూశాను. నమ్మే అన్నాడనుకుంటాను.

"ఎసొంటి తమ్ముడు అక్కా! ఈ కాలంల ఎవడిస్తడు?" అంది నా పక్కనున్న ఆమె.

"వాడియ్యలే. ఆమె తీసుకున్నది" అన్నాను.

"ఊకో అక్కా, మంచిగ చెప్తున్నరు గద."

తమ్ముడికి శాలువా కప్పమని పిల్లను పిలిచారు. మెడలో కంపెనీ కార్డుతో ఆమె వెనక నిలబడి ఉంది. అందరూ తిరిగి చూశారు. ఒకరు శాలువా తెచ్చి ఆమె చేతికి ఇవ్వబోయారు. ఆమె తీసుకోలేదు.

"రెండో షిఫ్టు నాది. బస్సు పోతది" అని, కార్డు సరిచేసుకుని, మైకు ఇంకా మాట్లాడుతుండగానే రోడ్డు వైపు నడిచింది.