అమ్మవారి కండ్లు

దేశంగాని దేశంల, వెర్రిబీ ఊళ్లె కూరగాయల షెడ్డోళ్లను అడిగితే విఠల్ అంటే ఫోర్క్‌లిఫ్ట్ తోలేటాయన. మనోళ్లను అడిగితే పటాలేసే విఠల్. చెర్యాలల గుడ్డల మీద దేవుళ్ల బొమ్మలేసే నకాషీల ఇంట్ల పుట్టిండు మరి. గ్యారేజీల కారుకు జాగ లేదు, అంతా గుడ్డలు, రంగుల చిప్పలే.

బొమ్మ గీసుడు ఆయనది, రంగు నింపుడు భార్య కౌసల్యది. అమ్మవార్లకు పసుపు, మనుషులకు గులాబీ, రాక్షసులకు ముదురు రంగు. ఆఖరుకు తెల్లగుడ్డు, నల్లపాప పెట్టి కండ్లు తెరిచేది మాత్రం విఠలే. ఆ పని ఎవ్వరినీ ముట్టనియ్యడు.

జనార్దనరావు సారు కొత్తింటికని లక్ష్మీనరసింహుల పటం అడిగిండు. స్వామి ఎడమ తొడ మీద కూసున్న అమ్మవారికి కౌసల్య పసుపు నింపుతున్నది. తన చేతులు, చెంపలు గూడ అంతా పసుపే. ఆ ఎండకాలమంతా ఆమెకు తిండి సయించలే, ఒళ్లంత దురద.

"రంగు కడుక్కోవే, లక్ష్మమ్మ కంటే నువ్వే మెరుస్తున్నవ్," అని నవ్విండు విఠల్. ఆమె సబ్బు పెట్టి రుద్ది రుద్ది కడిగింది. పోలే.

"డాడ్, మమ్ లుక్స్ రియల్లీ యెల్లో," అన్నది బిడ్డ లిఖిత.

"రంగు బిడ్డా, మనింట్ల ఎవరికి పోయింది గనుక!"

ఏం మనిషివయ్యా విఠల్! రంగు కంట్లెకెట్ల పోతది?

కౌసల్య కడుపునొప్పితోని కూలబడ్డంక క్లినిక్‌కు తోలుకపోయిండు. డాక్టరమ్మ ఆమె కిందిరెప్ప లాగి చూసింది. "ఈ కండ్లు ఎప్పటిసంది ఇట్ల పచ్చగున్నయి?" అనడిగింది. ఎందరో దేవుళ్లకు కండ్లు పెట్టినోడు, పక్కన కూసున్న పెండ్లాం కండ్లు చూడనే లేదు. లోపల క్యాన్సర్ గడ్డ కాలేయం దాకా పాకిందన్నరు. ముందుగాల వస్తే కోసి తీసేటోళ్లమన్నరు. ఆ ఒక్క మాట ఆయన్ను తినేసింది.

చలికాలం రాకముందే కౌసల్య పోయింది. పోయేముందు, "పటం ఆపకు. అమ్మవారిని గుడ్డిగ ఉంచకు," అని చెప్పింది.

దినాలైనంక విఠల్ గ్యారేజీల కూసున్నడు. తెల్లరంగు చిప్పల కౌసల్య కుంచెతోని ఇంత పసుపు కలిపిండు. ఏడ్చుకుంటనే అమ్మవారి కండ్లు తెరిచిండు.

పటం చూసి జనార్దనరావు ముఖం చిట్లించిండు. "ఇదేంది విఠల్, అమ్మవారి కండ్లు తెల్లగ ఉండాలె గదా? పచ్చగ పెట్టినవ్. తప్పు పడ్డది."

"తప్పు పడలే సార్," అన్నడు విఠల్. "ఈసారి చూసి పెట్టిన."