పెద్దాయన చెయ్యి

ఆ పరిశోధనశాలలో ఆమెను అందరూ చిటపట అనేవాళ్లు. ముఖం మీద కాదులెండి, అంత ధైర్యం ఎవరికుంది? కోపం వచ్చిందంటే ఆమె తలుపు వేసే చప్పుడుకి అలమరలో సీసాలు గజగజలాడేవి. ఊరికే కోప్పడే మనిషి కాదు గానీ, ఆ రోజుల్లో మాత్రం ఆమెకు కారణాలకి కరువు లేదు.

ఆమె పెంచేవి కణాలు. ప్రతి కణంలోనూ పుట్టుకతోనే చావుకి ఏర్పాటు ఉంటుందట. వేళ వస్తే తనను తానే ముగించుకుంటుంది. వేళ కాకముందే ఆ పని జరక్కుండా, "ఆగవే తల్లీ" అని పట్టి ఉంచే జన్యువు ఒకటుంది. చెట్టుకీ, పురుగుకీ, మనిషికీ అది దాదాపు ఒకే పోలిక. చిటపట దగ్గరున్న జంతు కణాల్లో ఆ జన్యువుకే లోపం. చల్లగా ఉంచితే బతుకుతాయి, ఒంటి వేడికన్నా కాస్త ఎక్కువైతే చస్తాయి. వాటిలో మొక్కలో ఉండే అదే జన్యువు పెట్టి వేడిలో నిలబెట్టాలని ఆమె పంతం. పెట్టినవి బతకాలి, పెట్టనివి చావాలి. అప్పుడే నలుగురూ నమ్ముతారు.

కానీ ఎప్పుడు చూసినా రెండు రకాలూ నిక్షేపంగా బతికే ఉండేవి!

కణాలుంచే పెట్టెకి పొద్దున్నే వేడి పెంచి వెళ్తే, మధ్యాహ్నానికి దిగిపోయి ఉండేది. రిపేరు మనిషి వచ్చి అన్నీ విప్పి చూసి, "దీనికేం జబ్బు లేదమ్మా" అని పోయాడు. ఆమె పెట్టెని ఒక తన్ను తన్నింది.

గాజుసామాను కడిగే పిన్ని నవ్వింది. "నీ కోపం చాలదుటే వాటిని వేడెక్కించడానికి? పెట్టె ఎందుకు దండగ!"

"నువ్వూ మొదలెట్టావా పిన్నీ?"

ఇంతలో పెద్దాయన వచ్చాడు. ఆ శాలకి ఆయనే యజమాని. ఆ కణాల్ని తను వయసులో ఉన్నప్పుడే తెచ్చి, వేడి తగలకుండా కంటికి రెప్పలా సాకినవాడు.

"అమ్మాయ్, ఇక చాలు. సోమవారం నుంచి ఈ పెట్టె ఇంకొకళ్లకి ఇచ్చేస్తున్నా."

"ఇచ్చేస్తే నా పని మూలపడినట్టే గదా సార్!"

"నీ మొక్క జన్యువు పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. లేదూ, వేడి పెంచడం నువ్వే మర్చిపోతున్నావు."

మర్చిపోవడం! అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. తిండీ నిద్రా మర్చిపోయింది గానీ ఇది మర్చిపోలేదు.

"ఇందాకే పెంచాను సార్. చూడండి, అంకె కనబడుతోంది."

"సరే, కనబడుతోంది. అయినా శ్రద్ధ అనేది..." అంటూ ఆయన పెట్టెకి ఆనుకున్నాడు. శ్రద్ధ గురించి పాఠం చెబుతూనే ఉన్నాడు. చెబుతుండగానే ఆయన చెయ్యి తనంతట తానే పాకింది. రెండు వేళ్లూ వేడి నాబ్ పట్టుకుని మెల్లగా కిందికి తిప్పేశాయి.

చిటపట ఆ మణికట్టు గభాలున పట్టేసుకుంది.

"సార్! ఏం చేస్తున్నారు?"

ఆయన తన చేతిని పరాయివాడిది చూసినట్టు చూశాడు. "అది... వేడెక్కితే పాపం చచ్చిపోతాయి కదమ్మా. దారిలో పోతూ తగ్గించడం అలవాటు."

"చావాలనే కదా సార్ పెట్టింది! ఇన్నాళ్లూ కంచే చేను మేసి, నేను మర్చిపోయానంటారా?"

పిన్ని గబగబా పంపు కట్టేసింది, ఒక్క మాట కూడా పోకూడదని.

పెద్దాయన తన మాట వెనక్కి తీసుకున్నాడు. పెట్టె ఎవరికీ ఇవ్వలేదు. చిటపట నాబ్ మీద డబ్బా మూత బోర్లించి, టేపుతో బిగించి, దానికెదురుగా కుర్చీ వేసుక్కూర్చుంది. ఈసారి మొక్క జన్యువు లేనివి ముడుచుకుని ముక్కలై తేలాయి. ఉన్నవి గాజు పళ్లెం అడుగుని గట్టిగా పట్టుకుని నిలబడ్డాయి.

పెద్దాయన సూక్ష్మదర్శిని దగ్గరికి రాబోయాడు.

"ముందు చేతులు వెనక్కి కట్టుకోండి," అంది ఆమె, ఇంకా నవ్వకుండానే.

ఆయన కట్టుకున్నాడు. అలాగే వంగి చూశాడు.