స్తామెన్ కట్టిన గోడ

మేయరు ఎన్నికల్లో ఓడిపోయాక స్తామెన్ గెలెవ్‌కి కంటినిండా నిద్ర పట్టింది. ఓడినవాడి మాటలు ఎవరికి గుర్తుంటాయిలే అని ధీమా.

ఆయన పుట్టిందీ పెరిగిందీ నడుం విరగ్గొట్టుకుందీ చెర్నా బారా బొగ్గుగని దగ్గరే. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేవాడు. అట్టడుగు సొరంగంలోకి నీళ్ళు ఎగదన్నినప్పుడు అడ్డంగా గోడ కట్టిందీ ఆయనే. గని మూతపడ్డాక ఊళ్ళో పొయ్యిలు బాగుచేసుకుంటూ బతికాడు. అలాంటి మనిషి చేతికి ఎన్నికల మీటింగులో మైకు ఇచ్చారు. ఎదురుగా పనిలేని మగాళ్ళంతా ఆశగా చూస్తుంటే నోరు ఊరుకోలేదు. "గని తెరిపిస్తా! నాలుగు వందల ఉద్యోగాలు! లోపల చుక్క నీరు లేదు!" అనేశాడు. చప్పట్లకి ఒళ్ళు పులకరించింది. సిగ్గులేని పులకరింత అది.

కొన్నాళ్ళకే కొండవైపు నుంచి గునపాల చప్పుడు వినిపించింది. స్తామెన్ రొప్పుతూ కొండెక్కాడు. గని నోటికి వేసిన సిమెంటు మూత పగిలి ఉంది. భార్య తమ్ముడు లోజాన్, అతని స్నేహితులు అక్కడే కూర్చుని రొట్టె తుంచుకుంటూ సారా పోసుకుంటున్నారు.

"రా బావా! నువ్వు ఓడితేనేం, నీ పథకం గెలిచింది! పొద్దున దిగి చూశాం. కాస్త చెమ్మ, అంతే. అడ్డంగా ఏదో పాత గోడ ఉంది. అది పగలగొడితే ఇక బొగ్గే బొగ్గు."

"ఒరేయ్, దాని వెనకంతా నీళ్ళేరా! నేనే కట్టా. మీటింగులో చెప్పింది అబద్ధం."

అందరూ పగలబడి నవ్వారు.

"ఊరు ఓట్లెయ్యకపోతే మామీద ఏడుస్తావేం? మా ఇంటిల్లిపాదీ నీకే గుద్దాం కదా!" లోజాన్ ఆయన చేతిలో గ్లాసు పెట్టాడు. "తాగి ఇంటికి పో. అక్క చూస్తూంటుంది."

స్తామెన్ కళ్ళు లోజాన్ బూట్ల మీద పడ్డాయి. మోకాళ్ళ దాకా తడి. చేతిలో గ్లాసు దానంతటదే ఒరిగింది, సారా నేలపాలైంది. ఆ ఊళ్ళో సారా నేలకి ఒంపేది చచ్చినవాళ్ళ కోసమే.

నవ్వులు ఆగిపోయాయి.

"మేమింకా బతికే ఉన్నాం బావా." లోజాన్ గొంతు మారిపోయింది. టోపీ దీపం వెలిగించుకుని, "పదండ్రా," అన్నాడు. ఒకడి వెనక ఒకడు దిగిపోయారు.

కింద స్తామెన్ ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. వంట అవుతున్నట్టుంది. అటు ఒక్కసారి చూసి, మిగిలిన దీపం అందుకున్నాడు.

"లోజాన్! గోడ ముట్టుకోకురా! నేనొస్తున్నా!" అని అరుస్తూ చీకట్లోకి దిగాడు.

లోపల నుంచి జవాబుగా గునపం దెబ్బ వినిపించింది.