దేవుని బొమ్మ వెనుక లైటు

మా వడ్ల బస్తాలతో ఉన్న లారీ కాలువ గట్టు ఎక్కలేక సగంలోనే ఆగిపోయింది. పడమట మబ్బు కమ్ముకొస్తోంది. లారీ నా కొడుకుది, నడిపేదీ వాడే. వాన రాకముందే సుల్తానాబాద్ మిల్లుకు చేరాలి. తడిసిన వడ్లను మిల్లువాళ్ళు వెనక్కి తిప్పుతారు. ఒక పంటకాలపు చాకిరీ మొత్తం ఆ బస్తాల్లో ఉంది.

నేను ముందు సీట్లో కూర్చున్నాను. స్టీరింగు వెనక మీటర్ల మీద ధర్మపురి నర్సింహస్వామి స్టిక్కరు ఉంది. స్వామి ముఖం పసుప్పచ్చగా వెలుగుతోంది.

"గిదేందిరా, దేవుడు గిట్ల వెలుగుతుండు?"

"ఎనుక ఏదో లైటు మండుతుందవ్వా. కండ్లల్ల కొడుతుందని అంటించిన."

"ఎప్పటి సంది?"

వాడు ఫోను తీసి మెకానిక్ నంబరు వెతికాడు. నేను స్టిక్కరును గోటితో ఒలిచి కొంగుకు అంటించుకున్నాను.

ఫోను చేస్తే మెకానిక్ బండి మీద వచ్చి లారీ కింద దూరి చూశాడు.

"పొగ గొట్టంల మసి పట్టే జల్లెడ నిండిపోయింది. గా పసుప్పచ్చ లైటు మండేది గందుకే. మిల్లుకాడ లైన్ల జర జరుపుడు, బంద్ జేసుడు. ఇంజనెప్పుడు కాగాలె, మసెప్పుడు కాలాలె? కోసి తీసేస్తే పీడ పోతది. గుర్రం లెక్క ఉరుకుతది."

నా కొడుకు సరేనని తల ఊపాడు. నాకు ఒళ్ళు మండింది.

"కోస్తే మసి యాడికి పోతది?"

"గాలిలకు పోతదమ్మా."

నా పెనిమిటి బొగ్గుబాయిలో పని చేశాడు. పని మానినా, చనిపోయేదాకా నల్లటి కఫమే ఉమ్మాడు. అది నా కొడుక్కీ తెలుసు. తెలిసీ తల ఊపాడు.

"మీ బాపు ఉమ్మిన గిన్నె కడిగిన చేతులియి" అన్నాను. "కోసిన గొట్టంతోని గీ బండి నా వాకిట్లకు రావద్దు."

మెకానిక్ ముఖం ముడుచుకున్నాడు. "అయితే బండి నిలబెట్టి మసి కాల్చాలె. బటన్ ఒత్తితే ఇంజన్ దానంతటదే జోరుగ తిరుగుతది. గొట్టం నిప్పు లెక్క కాగుతది. నడుమల బంద్ జేయొద్దు."

నా కొడుకు లారీని వెనక్కి దింపి, కోత మిషను వదిలిన గడ్డి మీద ఆపి బటన్ మీద వేలు పెట్టాడు.

"ఆగు. నిప్పు లెక్క కాగుతదని చెప్పినంక గడ్డి మీద పెడ్తవా? వడ్లు కాలవెడ్తవా, నన్ను కాలవెడ్తవా?"

వాడు లారీని మొరం నేల మీదికి జరిపి బటన్ ఒత్తాడు. ఇంజను రంకె వేసింది. సగం కాలిన కట్టెను నీళ్ళు చల్లి మర్నాటికి దాచుకునే మనిషిని నేను. గజం కూడా కదలకుండా డీజిలు తాగుతున్న ఆ చప్పుడు వింటూ పళ్ళు కొరుక్కున్నాను. వాడి చెయ్యి తాళం దగ్గరికి పోయింది.

"డీజిల్ దండుగైతుందవ్వా."

"చెయ్యి తియ్. దండుగ జేసింది నువ్వు, డీజిల్ కాదు."

చినుకు మొదలైంది. వాడు పైకెక్కి టార్పాలిన్ బిగించి కట్టాడు. దిగేసరికి ఇంజను చప్పుడు తగ్గింది, పసుప్పచ్చ లైటు ఆరింది. ఈసారి లారీ ఆగకుండా గట్టెక్కింది.

బస్తాలు తడవకుండానే మిల్లుకు చేరాం. నా కోపం మాత్రం చల్లారలేదు. లైన్లో నిలబడగానే వాడు ఫోను తీశాడు. నేను కొంగుకున్న స్టిక్కరు తీసి ఫోను అద్దం మీద అంటించాను.

"గిట్లయితే ఫోనెట్ల చూడాలె అవ్వా?"

"బండి ఎట్ల నడిపినవో గట్లనే చూడు."