కళాయి సాయిబు వెనక్కి అడిగిన ఏడు గిన్నెలు

చిత్తూరు గిరింపేటలో కళాయి సాయిబంటే అల్లాబక్షే. ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత, అదే కళాయి, వేయడం అతని పని. బడి గడప తొక్కలేదు గానీ తెలుగు బాగా చదువుతాడు. ఎవరు నేర్పారంటే, గిన్నెలు నేర్పాయి. ఇత్తడి గిన్నెల అంచున చెక్కించిన పేర్లను ముప్పై ఏళ్లుగా తిప్పి తిప్పి చూసి అక్షరాలు పట్టేశాడు. ఆడవాళ్ల ముఖాలు మరిచినా వాళ్ల గిన్నెలు మరవడు. పని మీద అతనికున్న నమ్మకం కొందరికి పొగరుగా కనిపించేది. పొగరే అనుకున్నా, దానికి తగిన పనితనం ఉండేది.

1979 పెండ్లిళ్ల కాలంలో ఆ పొగరే అతన్ని ముంచబోయింది. తగరం కడ్డీ కొనగానే చెవి దగ్గర పెట్టుకుని వంచి చూడాలి. అసలు తగరమైతే కిర్రుమంటుంది. ఆ వారం చేతినిండా పని. కొత్త అంగట్లో కొన్న కడ్డీని వంచకుండానే కరిగించాడు. ఏడు గిన్నెలు ఇళ్లకు వెళ్లిపోయాక, మిగిలిన ముక్కను వంచితే చప్పుడే లేదు. రుద్దితే వేలు నల్లబడింది. సీసం కలిపారు! పులుపు తగిలితే సీసం కూటిలోకి దిగుతుంది, పిల్లల ఒంట్లో మెల్లగా విషమవుతుంది. అల్లాబక్ష్ ఆ ముక్కను ఇంట్లో చూపించాడు.

"నోరు మూసుకోని ఉండు," అంది భార్య దిల్షాద్ బీ. "మనమే చెప్పుకుంటే రేపట్నుంచి గిన్నెలెవరిస్తారు? మనకు కూడెట్లా?"

"నేను చెడగొట్టింది నేనే బాగుచేస్తా. నాకన్నా బాగా చేసేవాడు ఈ ఊర్లో ఎవుడుండాడు?" అని కొలిమితిత్తి భుజానికెత్తుకున్నాడు.

ఏడు పేర్లూ నాలుక మీదే ఉన్నాయి. భారతమ్మ మారుమాట్లాడకుండా గిన్నె ఇచ్చింది. కట్టమంచిలో హోటలు నడిపే మునివెంకటప్ప మాత్రం వీధంతా వినేట్టు తిట్టాడు. "ఇంగ నా అంగడి మెట్లెక్కితే చూడు!" అన్నాడు. అల్లాబక్ష్ తిట్లు తిని, గిన్నె గీకి, మంచి తగరంతో మళ్లీ కళాయి వేశాకే అక్కణ్ణుంచి లేచాడు. కడుపునొప్పి అన్న ఇంటివాళ్లను పెద్దాసుపత్రికి తానే వెంటబెట్టుకుని వెళ్లాడు. రెండు రోజుల్లో ఆరు గిన్నెలు అయ్యాయి. ఏడోదాని మీద జ్ఞానాంబ పేరుంది.

"పేరు నాదే గానీ గిన్నె నాది కాదు సాయిబూ," అంది జ్ఞానాంబ. "మా చెల్లెలి కూతురు సంతోషమ్మ పెండ్లికి అప్పుడెప్పుడో నేను పెట్టింది. కళాయి వేయించుకోని నిన్ననే పలమనేరు తీసకపోయింది."

పెండ్లికి పెట్టినవాళ్లూ తమ పేరే చెక్కిస్తారన్న సంగతి ఎట్లా మరిచానురా అని తనను తానే తిట్టుకుంటూ బస్సెక్కాడు.

అతను చేరేసరికి సంతోషమ్మ అత్త సుబ్బులమ్మ ఆ గిన్నెలోనే కాచిన చారు దించి, ముగ్గురు మనవళ్లకూ విస్తళ్లు వేస్తోంది.

"వడ్డించొద్దమ్మా!" అని గడపలోంచే అరిచాడు. తర్వాత అంతా చెప్పాడు, తన తప్పుతో సహా.

సుబ్బులమ్మ చారు గిన్నె రెండు చేతులా ఎత్తుకుంది. "నిన్న వచ్చిన గిన్నె. ఇదే మొదటి చారు," అంటూ తీసుకెళ్లి కాలవలో కుమ్మరించింది. పిల్లలింకా తినలేదని తెలియగానే అల్లాబక్ష్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. పెరట్లో నిప్పులు రాజేసి, కొత్త కడ్డీని ఆమె చెవి దగ్గరే వంచి, కిర్రుమన్న చప్పుడు వినిపించి, గిన్నెకు కళాయి వేశాడు.

ఆమె అందులోనే మళ్లీ చారు కాచింది. పిల్లలు ఆకలితో గునుస్తున్నా పెట్టలేదు. లోటా నింపి అతని ముందు పెట్టింది.

"ముందు నువ్వు తాగు."

అల్లాబక్ష్ ఊదుకుంటూ అడుగుదాకా తాగి, లోటా మళ్లీ చాపాడు.

"ఇంకొంచెం పొయ్యి తల్లీ. ఉప్పు తక్కువైంది, చూసుకో."

సుబ్బులమ్మ చారులో చిటికెడు ఉప్పేసి కలిపి, పిల్లలను కూటికి పిలిచింది.