ఫ్లాపీలో మిగిలిన ఉత్తరం

ఈమధ్య మా ఆఫీసులో ఒక అమ్మాయి, "డిలీట్ చేసేశానండీ, ఇంక ఎక్కడా లేదు" అంది. అదే మాట ఒకప్పుడు నేనూ అన్నాను. ఆ సంగతి అక్కడ చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాసిపెడుతున్నాను.

ఎనభైల చివర్లో, హిందీ మాట్లాడే ఒక ఉక్కు ఊళ్లో, బర్మామైన్స్ దగ్గర ఒక చిన్న కార్ఖానాలో హాజరు చూసే గుమాస్తాని. చదువు ఇంటర్‌తో ఆగింది. సాయంత్రాలు లైబ్రరీలో కంప్యూటర్ పత్రికలు చదివి, ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్ని నా అంతట నేనే నేర్చుకున్నాను. ఆ గర్వం దాచుకునేవాణ్ణి కాదు.

బాగ్‌బేరాలో మా పక్కింటి మావయ్య అదే కార్ఖానాలో క్రేన్ ఆపరేటరు. క్రేన్ బ్రేకు సరిగా పట్టడంలేదు. ఫోర్‌మేన్ మాత్రం చూడకుండానే రిజిస్టర్లో వారంవారం "బాగుంది" అని సంతకం పెట్టేవాడు. ఒకరోజు ఎత్తిన ఇనపదిమ్మ మనిషి పక్కనే జారిపడింది. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టరుకి అర్జీ రాసిపెట్టమని మావయ్య అడిగాడు. ఇంగ్లీషు వచ్చినవాడు నలుగురికీ దరఖాస్తులు రాసిపెట్టడం మా ఇళ్ల లైన్లో మామూలే. చేత్తో రాస్తే సరిపోయేది. నా పనితనం చూపించాలని చిత్తుప్రతి కంప్యూటర్లో కొట్టి, అచ్చు తీసి ఇచ్చాను. అందులో ఆయన పేరు, కార్ఖానా టికెట్ నంబరు ఉన్నాయి. తర్వాత భయమేసి, పేరు తీసేసి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో మళ్లీ కొట్టి పోస్టు చేశాం. చిత్తు కాగితాన్ని మావయ్య కుంపట్లో వేశాడు.

"మరి ఆ పెట్టెలోదో?" అన్నాడు.

"డిలీట్ కొట్టేశాను మావయ్యా. బూడిద కూడా మిగల్దు."

కొన్నాళ్లకు ఇన్‌స్పెక్టరు నుంచి కార్ఖానాకి తాఖీదు వచ్చింది. అర్జీ పెట్టినవాడు దొరికితే గేటు బయటేనని ఫోర్‌మేన్ అందరి ముందూ అన్నాడు. అదే వారం మేనేజరుగారు పొరపాటున హాజరు ఫైలు చెరిపేశారు. పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే ప్రోగ్రాముతో కలకత్తా నుంచి మెకానిక్ మర్నాడు రెండింటికి వస్తాడన్నారు. ఆ ఫైలున్న ఫ్లాపీలోనే నా ఉత్తరమూ కొట్టాను.

సాయంత్రం లైబ్రరీలో పాత సంచికలన్నీ తిరగేశాను. డిలీట్ చేస్తే ఫైలు పోదట. జాబితాలో దాని పేరు కొట్టేసి, ఆ చోటు ఖాళీ అని గుర్తు పెడుతుంది, అంతే. ఇంకొకటి వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాత అక్షరాలు అలాగే ఉంటాయి.

మావయ్యకి చెప్పాను.

"లైబ్రరీ అంతా నమిలీసినోడివి, ఇది సదవలేదేటి?" అన్నాడు. మళ్లీ తనే, "ఈ వయసులో నాకింకో గేటు ఎవుడు తీత్తాడ్రా?" అన్నాడు.

ఖాళీ చోటంతా వేరే రాతతో నింపేస్తే ఉత్తరం పోతుంది. దాంతో కూలీలందరి నెల హాజరూ పోతుంది. అది నేను చెయ్యలేను. ఉత్తరం ఉన్న ముక్కల్ని మాత్రమే వెతికి, వాటి మీద సున్నాలు రాయాలి. ఆ పద్ధతిని లైబ్రరీలోనే చీటీ మీద ఎక్కించుకున్నాను.

మర్నాడు భోజనాల వేళ అందరూ క్యాంటీన్‌కి వెళ్లగానే కూర్చున్నాను. డిస్కుని ముక్కముక్కగా చూపించే ప్రోగ్రాము మెషిన్‌తోనే వచ్చింది. హాజరు ఫైల్లో టికెట్ నంబర్లే తప్ప పేర్లుండవు. ఆ అంకెల మధ్యలోంచి మావయ్య పేరు పైకి వచ్చింది. ఆ ముక్క నంబరు రెండుసార్లు సరిచూసుకున్నాను. ఒక్క అంకె తప్పితే సున్నాలు హాజరు మీద పడతాయి. రాశాను. పేరు కోసం మళ్లీ వెతికితే ఇంకోచోట దొరికింది. దిద్దినప్పుడల్లా పాత ప్రతి ఒకటి ఉత్తరం కొట్టిన ప్రోగ్రామే దాచుకుంటుందని నాకు తెలీదు. దాన్నీ చెరిపి, మూడోసారి వెతికాను. ఏమీ లేదు. అప్పటికి వరండాలో చెప్పుల చప్పుడు మొదలైంది.

మెకానిక్ వెంట మేనేజరు, ఫోర్‌మేన్ వచ్చారు. హాజరు ఫైలు చెక్కుచెదరకుండా వెనక్కి వచ్చింది. దాని కింద, చెరిపిన ఫైళ్ల వరసలో క్రేన్ పేరుతో ఒకటి. లోపలి రాత చెరిపాను గానీ జాబితాలో పేరు సంగతే ఆలోచించలేదు.

ఫోర్‌మేన్ వంగి చూశాడు. "యే క్రేన్ క్యా హై? ఖోలో."

మెకానిక్ తెరిచాడు. తెరనిండా సున్నాలు. చెరిపిన ఫైలు తనంతట తాను సున్నాలైపోదని ఆ గదిలో ఇద్దరికే తెలుసు. ఆయన నా మొహం చూశాడు.

"ఖాలీ హై సాబ్. ఖరాబ్ హో గయా," అని, పాడైన ఫైలన్నట్టు మీట నొక్కి ముందుకెళ్లిపోయాడు.

నేను టీ గ్లాసు అందిస్తుంటే నాకు మాత్రమే వినపడేలా, "దూస్రా కాపీ భీ?" అని అడిగాడు, రెండో ప్రతీ చెరిపావా అని. తలూపాను.

ఇన్‌స్పెక్టరు రాకముందే క్రేన్‌కి కొత్త బ్రేకు పడింది. మావయ్య అదే గేటులోంచి రిటైరయ్యాడు.

పేర్లు రాయలేను గానీ, అటక మీది పాత సంచికల కట్టలు విసుక్కోకుండా దించి ఇచ్చిన ఒడియా లైబ్రేరియన్‌గారికి, ఏమి కొడుతున్నావని అడగని ఇన్‌స్టిట్యూట్ మాస్టారికి, నన్ను తిట్టాల్సినంత తిట్టని మావయ్యకి, ఆ కలకత్తా మెకానిక్‌కి నమస్కారాలు.